ముందు చక్రానికి బరువు

నారయ్య మనిషిని చూస్తే మొహం చూడడు, బరువు చూస్తాడు. నమస్కారం పెట్టామా, తిరిగి పెట్టేలోపే తల నుంచి కాళ్ళ దాకా కళ్ళతో ఓసారి తూచేసి, "ఎనభై మీదనే ఉంటవ్" అనో, "జర తగ్గినట్టున్నవ్, పానం మంచిగ లేదా" అనో అంటాడు. తెనాలి నుంచి వచ్చి ఇబ్రహీంపట్నంలో నేను బీరువాల దుకాణం తెరిచిన రోజున, వచ్చిన పెద్దమనుషులంతా దుకాణం బాగుందన్నారు. నారయ్య ఒక్కడే నా చుట్టూ తిరిగి చూసి, "సేటు మస్తు పనికొస్తడు" అన్నాడు. దేనికి పనికొస్తానో మొదటి బీరువా అమ్ముడయ్యేదాకా నాకు తెలియలేదు.

నారయ్యది మూడు చక్రాల ట్రాలీ ఆటో. ముందు ఇరుకు గది, వెనక సామాను తొట్టి. సాగర్ రోడ్డుకి ఆ పక్కా ఈ పక్కా వెంచర్లు లేచి, ఇళ్ళు ముందు, రోడ్లు తర్వాత వస్తున్న రోజులవి. లారీ డ్రైవర్లు వెనక్కి తిరిగిపోయే సందుల్లోకి ట్రాలీ దూరిపోయేది. దారికి అడ్డంగా గేదె పడుకుంటే, దాన్ని లేపకుండా పక్కనుంచి తిరిగి వెళ్ళేది. అంతవరకూ దానంత ముద్దొచ్చే బండి లేదు.

చిక్కల్లా ఏమిటంటే, ముందున్నది ఒకటే చక్రం. వెనక బరువు ఎక్కువై ఎత్తు ఎక్కాల్సి వస్తే ఆ ఒక్కటీ నేలను వదిలి గాల్లోకి లేస్తుంది. అప్పుడు హ్యాండిల్ ఎటు తిప్పినా లాభం లేదు, బండి దానికి నచ్చిన వైపు పోతుంది. దీనికి నారయ్య కనిపెట్టిన మందు, డ్రైవర్ పక్కన ఓ బరువైన మనిషి. నేను పనికొచ్చేది అందుకన్నమాట.

మొదటిసారి రెండు బీరువాలు వేసుకుని కొంగరకలాన్ వైపు బయల్దేరాం. ఎత్తు మొదలవగానే ముందు చక్రం లేచింది. నాకు రోడ్డు పోయి ఆకాశం మాత్రమే కనిపించింది.

"సేటు, జర ముంగటికి వంగు" అన్నాడు నారయ్య.

"వంగాను కదయ్యా."

"నువ్వు వంగినవ్. పొట్ట ఇంక ఎన్కనే ఉన్నది."

ముక్కు అద్దానికి ఆనేదాకా వంగాను. చాల్లేదు. రోడ్డు పక్కన మెడలో కంపెనీ కార్డు వేసుకుని ఓ భారీ మనిషి నిలబడి ఉన్నాడు. నారయ్య బండాపి, కళ్ళతో తూచి, సంతోషపడ్డాడు.

"అన్నా, ఏడికి?"

"ఆదిభట్ల. కంపెనీ బస్సు వెళ్ళిపోయింది."

"ఎక్కు, దింపుత. కిరాయి వద్దు, కూసుంటే చాలు."

ఆయన పేరు విద్యాసాగర్. ఎక్కిన మరుక్షణం చక్రం నేలను ముద్దాడింది. ముగ్గురం ఒకరి మోకాళ్ళలో ఒకరం ఇరుక్కుని ఆదిభట్ల చేరాం. గేటు దగ్గర కాపలావాడు ఆయన కార్డు చూసి, బీరువాల్ని చూసి, "ఇవి ఏ సెక్షన్‌కి సార్?" అని అడిగాడు. విద్యాసాగర్ గబగబా లోపలికి నడిచి వెళ్ళిపోయాడు.

ఇలా ఉండగా డాక్టరు నన్ను బరువు తగ్గమన్నాడు. మా ఆవిడ కోటేశ్వరి అన్నం తగ్గించి, జొన్నరొట్టెలు మొదలుపెట్టింది. నా ప్యాంటు వదులు కావడం మా ఇంట్లో వాళ్ళకంటే ముందు నారయ్యే కనిపెట్టాడు. తిన్నగా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, సేటుకు అన్నం పెడ్తలేవా?"

"డాక్టరుగారు తగ్గమన్నారు నారయ్యా, ఒంటికి మంచిదట."

"డాక్టరుకు కారుంటదక్కా. నాలుగు చక్రాలోళ్ళకు మన బాధ ఏమెర్క."

"బండికి బరువు కావాలంటే ఓ రాయి పెట్టుకోవయ్యా. మా ఆయనెందుకు?"

నారయ్య ఈ సలహా నిజంగానే ఆలోచించాడు. "రాయిని ముంగటికి వంగుమంటే వంగదక్కా" అన్నాడు చివరికి. కోటేశ్వరి నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. రొట్టెలు మాత్రం ఆపలేదు.

ఓ రోజు పొద్దున్నే ఆదిభట్లలో బీరువా దింపేసి ఖాళీ బండితో తిరిగొస్తున్నాం. దారిలో కల్వర్టు గోడ మీద కర్ర పట్టుకుని మా బజారు ముసలామె సత్తమ్మ కూర్చుని ఉంది. గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోయేలా ఉంటుందావిడ. నారయ్య బండాపాడు.

"పెద్దమ్మా, జర సాయం జెయ్యి. ముంగట చక్రం లేస్తున్నది. వచ్చి కూసో."

తర్వాత నావైపు తిరిగి, "సేటు, నువ్వు ఎన్కకు పో" అన్నాడు.

"వెనక్కా? అసలు బండి..." అనబోయాను. నారయ్య హారన్ నొక్కాడు. మళ్ళీ నోరు తెరిచాను, మళ్ళీ నొక్కాడు. నోరు మూసుకుని తొట్టిలోకి ఎక్కాను.

సత్తమ్మ సంగతి మా బజారులో అందరికీ తెలిసిందే. కాలు విరిగితే ఆపరేషన్ చేసి, రోజూ దవాఖానకు వచ్చి కాలు ఆడించుకోవాలి, లేకపోతే అది కొయ్యబారిపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. బస్సు మెట్టు ఎక్కడం ఆవిడ వల్ల కాదు. ముసలామె దగ్గర ఆటోవాళ్ళు కిరాయి తీసుకోరు, తీసుకోకపోతే ఆవిడ ఎక్కదు. "ఊరికె ఎక్కుతనా? నేనేమన్న బిచ్చమెత్తుతున్ననా?" అని తిట్టి, కుంటుకుంటూ ఇంటికి వెళ్ళిపోయేది. ఇంక దవాఖాన మానేసినట్టే అనుకున్నారంతా. నారయ్య బండెక్కి పోతోందని అప్పటిదాకా నాకు తెలియదు.

బండి కదిలాక ముందునుంచి సత్తమ్మ కేక వినిపించింది. "సేటూ, ఎన్క సామానేమున్నది?"

పక్క అద్దంలో నారయ్య కళ్ళు నన్నే చూస్తున్నాయి. ఇప్పుడు నిజం చెబితే ఆవిడ ఇక్కడే దిగిపోతుంది. రేపట్నుంచి ఏ బండీ ఎక్కదు. తొట్టి పలకలు ఎత్తు కాబట్టి ఎక్కేటప్పుడు లోపల ఏముందో ఆవిడకు కనిపించలేదు, ఇప్పుడు తల తిప్పి చూద్దామన్నా ఇరుకులో వీలుకాదు.

"బీరువా అమ్మా" అన్నాను.

"ఎంత పెద్దది?"

"నా అంత ఉంటుంది."

"అట్లయితే గట్టిగ పట్టుకో. పడ్తది."

సరేనని నన్ను నేనే గట్టిగా పట్టుకున్నాను.

దవాఖాన ముందు తొట్టి ఆవిడకు కనబడకుండా గోడ వైపు ఉండేలా బండి పెట్టాడు నారయ్య. సత్తమ్మ లోపలికి వెళ్ళాక నడుం పట్టుకుని కిందికి దిగాను.

"ఖాళీ బండికి బరువెందుకయ్యా?"

"ఊరికె ఎక్కుమంటే ఎక్కదు సేటు. సాయం జెయ్యుమన్న, ఎక్కింది. నాకేం పోయింది, ఎట్లయిన ఇటే వస్త."

నాకు హఠాత్తుగా ఓ ఆశ పుట్టింది. "అయితే నన్ను కూడా ఊరికే తిప్పుతున్నావా?"

"లేదు సేటు. నువ్వు నిజంగనే బరువు" అన్నాడు.

వానలు వెనకబడేసరికి సత్తమ్మ కర్ర వదిలేసి నడిచింది. డాక్టరు ఇంక రావద్దన్నాడు. నారయ్య పని ముగిసిందనుకున్నాడు. మర్నాడు పొద్దున చూస్తే ఆవిడ కల్వర్టు మీద సిద్ధంగా ఉంది.

"కాలు మంచిగైంది గద పెద్దమ్మా. ఇంక నీకు తిప్పలెందుకు?"

"నా కాలు మంచిగైతే నీ చక్రం మంచిగైతదా? జరుగు."

అంతటితో ఆగలేదు. ఇన్ని రోజులు దవాఖాన చుట్టూ తిరిగి చిక్కిపోయానని, తన ఒక్కదాని బరువు సరిపోవడం లేదని ఆవిడకు అనుమానం పట్టుకుంది. ఇంటి పందిరి నుంచి రెండు పెద్ద సొరకాయలు కోసి ఒళ్ళో పెట్టుకుని రావడం మొదలుపెట్టింది. ఖాళీ ట్రాలీలో, ఖాళీ రోడ్డు మీద, "మెల్లగ, లేస్తది" అని ఆవిడ అంటుంటే, "సరే పెద్దమ్మా" అంటూ నారయ్య వేగం తగ్గించేవాడు.

మార్కెట్ దగ్గర దిగేటప్పుడు సొరకాయలు సీటు మీదే వదిలేసి నడిచిపోయేది. మొదటిరోజు నారయ్య వాటిని చంకలో పెట్టుకుని వెనకాలే పరిగెత్తాడు.

"పెద్దమ్మా, కాయలు మరిచినవ్."

సత్తమ్మ ఆగకుండానే చెప్పింది. "మరువలే. నేను దిగితే బండి తేలికైతది గద, మీ ఇంటి దాక ఉండనియ్యి. ఇంటికి పోయినంక వాటితోని ఏం పని, కోసుకోండ్రి."