గంగులు ఫొటో ఉన్న పొట్లాలు

సూరాడ గున్నమ్మకు చదువు రాదు. ఆ సంగతి ఎవరూ కనిపెట్టనక్కర్లేదు, ఆవిడే ముందుగా చెప్పేస్తుంది. భోగాపురానికి దిగువన సముద్రపు ఒడ్డు పేటలో పుట్టి, అదే పేటలో నాలుగిళ్ళ అవతలికి కోడలుగా వెళ్ళి, పదహారో ఏటి నుంచి నెత్తిన గంపతో ఎండు చేపలు అమ్ముతోంది. నెత్తళ్ళు ఎన్నాళ్ళ కిందట ఎండబెట్టినవో వాసన చూసి చెబుతుంది. బేరమాడే మనిషి కొనేదో, నోటి దురదకు అడిగేదో గొంతు విని చెబుతుంది. బస్సు మీద బోర్డు మాత్రం ఎవరినైనా అడగాల్సిందే. "అచ్చరాలు నాకెందుకు, కూరొండుకుంటానా ఏటి?" అని నవ్వేది.

ఆ నవ్వంతా గంగులు ఉన్నప్పటిది. గంగులు ఆవిడ మొగుడు. 2014 మార్చిలో తెల్లవారుజామున వేటకు వెళ్ళిన పడవ బోల్తా పడింది. ఆరుగురు వెళితే ఐదుగురు ఈదుకుంటూ వచ్చారు. రానివాడు గంగులు ఒక్కడే. పడవకు పెద్ద అయిన దాలయ్య, గంగులుకు వరసకు అన్న, వారం రోజులు వెతికాడు. ఆ కాలంలో నీటివాటం ఒడిశా వైపు లాగుతుంది కాబట్టి కళింగపట్నం దాకా, ఆపైన బారువ దాకా రేవురేవునా అడుగుతూ వెళ్ళాడు. శవం ఎక్కడా ఒడ్డుకు చేరలేదు.

ఆ పేటలో ఒక కట్టు ఉంది. సముద్రం మీద తప్పిపోయిన మనిషి శవం దొరికేదాకా, పెళ్ళాం చేతికి గాజులు ఉన్నన్నాళ్ళూ, అతను ఇంకా ఆ పడవ మనిషే. వేట నుంచి వచ్చి చేపలు పంచుకునేటప్పుడు అతని వాటా కూడా ఇసుక మీద పోస్తారు. ఎన్నాళ్ళిలా అని ఎవరూ అడగరు. ఈ రోజు అడిగితే, తమ వంతు వచ్చిననాడు తమ పెళ్ళాన్నీ అలాగే అడుగుతారని భయం.

దాలయ్య రోజూ ఆరు కుప్పలు పోసేవాడు. ఆరో కుప్ప దగ్గరికి గున్నమ్మ తట్ట పట్టుకుని వచ్చేది. వంగి చేపలు ఎత్తుకుంటుంటే వెనక ఎవరో నిలబడ్డట్టుండేది. గంగులుకు కుడిచేతి చిటికెన వేలు లేదు, కుర్రతనంలో వలతాడు కోసేసింది. ఆ తొమ్మిది వేళ్ళూ తనతో పాటే తట్టలో చేపలు వేస్తున్నట్టు, తడి చెయ్యి తన మోచేతికి తగిలినట్టు ఉండేది. ఆవిడ తిరిగి చూసేది కాదు. చూస్తే ఉండడని తెలుసు. ఆ వాటాతో ఇల్లు గడిచేది నిజమే గాని, గున్నమ్మకు కావలసింది చేపలు కాదు. ఆ కుప్ప పడుతున్నంత కాలం తన మొగుడు ఎక్కడో ఒక చోట ఉన్నట్టే.

అలా రెండేళ్ళు గడిచాయి. 2016 వేసవి వచ్చింది. విమానాశ్రయం కడతారని భోగాపురం భూముల ధరలకు రెక్కలొచ్చి, విమానాలు మాత్రం రాని రోజులవి. విశాఖపట్నం నుంచి ఒక సంస్థవారు వచ్చి హైస్కూలు పిల్లలకు వేసవి వ్యాపార శిబిరం పెట్టారు. ఇరవై ఒక్క రోజులు పాఠాలు. ప్రతి పిల్లా ఒక సరుకు తయారుచేసి, దానికో పేరు పెట్టి, ఆఖరి రోజున విజయనగరంలో పెద్దల ముందు అమ్మి చూపించాలి. గున్నమ్మ కూతురు తులసి అప్పుడే పదో తరగతిలోకి వచ్చింది. చేపలోళ్ళ పిల్లకు అమ్మకం నేర్పుతారట, చేపపిల్లకు ఈత నేర్పినట్టు, అని పేటంతా నవ్వింది. మధ్యాహ్నం భోజనం పెడతారని విని గున్నమ్మ పంపింది.

శిబిరంలో పాఠం చెప్పిన అనిత మేడం మంచి మనిషి. ఈ ముక్క ముందే చెప్పకపోతే తర్వాత జరిగినదానికి ఆవిడను తిట్టుకుంటారు. "చేపలు అందరూ అమ్ముతారు. నువ్వు నీ కథ కూడా అమ్మాలి. మీ ఇంటి కథేమిటి?" అని తులసిని అడిగింది. తులసి చెప్పింది. చెబుతూ వెక్కివెక్కి ఏడ్చింది. రెండేళ్ళలో ఆ పిల్లను ఆ మాట అడిగిన వాళ్ళే లేరు. పేటలో వాళ్ళ నాన్నను ఉన్నాడనడానికీ లేదు, పోయాడనడానికీ లేదు.

అవి వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. ఇంట్లో ఉన్నవి నిషేధానికి ముందు గంగులు వాటాగా వచ్చిన నెత్తళ్ళే. తులసి ఎండినవాటిని తలలు తుంచి, ఇసుక దులిపి, పావుకిలో పొట్లాలు కట్టింది. పొట్లం మీద అతికించే లేబుల్‌కు నాన్న గుర్తింపు కార్డులోని ఫొటో ఇచ్చింది. కింద ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు, తనే రాసింది: 'స్వర్గీయ సూరాడ గంగులు ఎండు చేపలు'. మొదటి బహుమతి వచ్చింది. బహుమతి కింద రెండు వేల లేబుళ్ళు అచ్చువేసి ఇచ్చారు.

గున్నమ్మ ఆ లేబుల్ చేత పట్టుకుని ఫొటో కింది అక్షరాల మీద వేలు పెట్టింది.

"మీ నాన్న పేరేనేటే ఇది?"

"నాన్న పేరేనమ్మా."

పేరుకు ముందున్న మాట సంగతి తులసి చెప్పలేదు. నోటిదాకా వచ్చి ఆగిపోయిందని తర్వాత ఒట్టేసి చెప్పింది. గున్నమ్మ ఆ పొట్లాలు గంపకెత్తుకుని సంతసంతకూ తిరిగింది. "మా ఆయన కంపినీ ఇది" అని గొప్పలు చెప్పుకుంటూ అమ్మింది. చదువుకున్నవాళ్ళు ఆవిడ చేతి గాజులనూ, లేబుల్‌నూ మార్చి మార్చి చూసి, మనకెందుకులే అని డబ్బులిచ్చి వెళ్ళిపోయారు.

జూన్ రెండో వారంలో ఒక మిట్టమధ్యాహ్నం పేట మొదట్లో ఆటో ఆగింది. దిగింది గంగులు అక్క నారాయణమ్మ. ఆవిడ కాపురం కళింగపట్నం దగ్గర. ఏ సంతలో చేతులు మారిందో గాని, పొట్లం అక్కడి దాకా వెళ్ళింది. బస్సు కండక్టరు చదివి చెప్పాడట. ఆవిడ జుట్టు విరబోసుకుని గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"ఒసే గున్నమ్మా! నా తమ్ముడెప్పుడు దొరికినాడే? ఎక్కడ దొరికినాడే? నాకు కబురైనా ఎట్టలేదేటే!"

గున్నమ్మ చెవిన పడింది 'దొరికినాడు' అన్న ఒక్క మాటే. చేతిలో చేట వదిలేసి సముద్రం వైపు పరుగెత్తింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి అటూ ఇటూ చూసింది. బోర్లించిన పడవలు తప్ప ఏమీ లేవు. వెనక్కి తిరిగేసరికి ఆడవాళ్ళంతా ఒడ్డున నిలబడి ఉన్నారు. వాళ్ళలోంచి తులసి నీళ్ళలోకి దిగి వచ్చి, తల్లి చెయ్యి పట్టుకుని, లేబుల్ మీద ఉన్నదంతా చదివి వినిపించింది.

సాయంత్రం దాలయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మర్నాటితో నిషేధం తీరుతుంది.

"గున్నమ్మా, ఆడు పోనాడని నానెప్పుడూ అన్లేదు. ఇంటోళ్ళే అచ్చేయించినారు కదా, పడవోళ్ళు నన్నడుగుతన్నారు. ఇకమీదట ఐదు కుప్పలా, ఆరా? నువ్వేటి సెప్తే అదే."

"నాన్న రాడమ్మా. నీకూ తెలుసు. నీ మొకం సూసి అందరూ నోరు మూసుకున్నారు. నాను అబద్దం రాయలేదు" అంది తులసి.

గున్నమ్మ కూతురి వంక చూసింది. ఆరు అంటే, బతికున్న తండ్రిని చంపి బహుమతి తెచ్చుకున్న పిల్ల అవుతుంది. ఆ మాట దాన్ని పెళ్ళయ్యేదాకా, పెళ్ళయ్యాక కూడా వదలదు. ఐదు అంటే గంగులు పోతాడు. సముద్రం తేల్చని సంగతి తన నోటితో తనే తేల్చాలి.

"ఐదేయి బావా" అంది చివరికి.

గడ్డితో మనిషి బొమ్మ కట్టి దహనం చేశారు. గున్నమ్మ గాజులు తీయించారు. అలవాటు కొద్దీ ఆవిడ తట్ట పట్టుకుని ఒడ్డుకు వెళ్ళేది. ఆరో కుప్ప పడే చోట ఉత్త ఇసుక. అక్కడ వంగి నిలబడ్డా వెనక ఎవరూ వచ్చేవారు కాదు. దయ్యం పట్టినవాళ్ళను చూసి జాలిపడతాం. దయ్యం వదిలేసి వెళ్ళిపోయిన మనిషి బాధ అంతకు పదింతలు ఉంటుంది.

బతకాలి కాబట్టి రేవులో చేపలు కొని, ఎండబెట్టి, అవే పొట్లాలు కట్టి అమ్మింది. నవంబరులో శృంగవరపుకోట సంతలో కూర్చుని ఉండగా ఒక లారీ డ్రైవరు పొట్లం తీసుకుని ఫొటో చూసి నవ్వాడు.

"ఈయన మీ మనిసేనా అమ్మా? పారాదీప్ రేవులో వలలు బాగుసేత్తాడు. పేరడిగినా మాటాడడు. కుడిసేతికి సిటికెనేలు లేదు గాని, పనిమాత్తరం సూసి తీరాల."

ఫొటోలో ఉన్నది మొహం ఒక్కటే. వేలి సంగతి ఏ పొట్లం మీదా లేదు.

గున్నమ్మ గంప సంతలోనే వదిలేసింది. దాలయ్యనూ తులసినీ వెంటబెట్టుకుని పారాదీప్ వెళ్ళింది. మూడు రోజులు రేవంతా తిరిగారు. అలాంటివాడు ఉండేవాడని ఇద్దరు చెప్పారు. అసలెప్పుడూ లేడని ఇద్దరు చెప్పారు. దీపావళికి ముందే ఏదో పడవెక్కి పోయాడని ఇంకొకడన్నాడు. అక్కడ స్థిరపడిన తెలుగాయన ఒకడు పొట్లం చేతికి తీసుకుని చదివి, వింతగా చూశాడు. "సచ్చిపోయినోణ్ణి ఎతుకుతన్నారేటమ్మా?" అని పొట్లం తిరిగి ఇచ్చేశాడు. ఆ తర్వాత ఆయన ఏమడిగినా చెప్పలేదు.

తిరిగొచ్చిన రోజునే గున్నమ్మ దాలయ్యను అడిగింది. "ఆరో కుప్ప మళ్ళీ ఎయ్యి బావా."

దాలయ్య వెయ్యలేకపోయాడు. దహనం చేసిన మనిషికి వాటా వేసే కట్టు ఆ పేటలో లేదు. కట్టు పెట్టిన పెద్దలకు ఇలాంటిది వస్తుందని తట్టలేదు.

లేబుళ్ళు ఇంకా పన్నెండు వందలు మిగిలాయి. కొత్తవి వేయించే స్తోమత లేదు. తగలబెట్టేస్తానని తులసి ఏడిచింది. గున్నమ్మ తగలబెట్టనివ్వలేదు. ఆ మొహం ఎంత దూరం వెళితే అంత మంచిది, ఎవరో ఒకరు చూడకపోరు.

"మీ నాన్నను సంపిన మాటేదే ఇందులో? నాకు సూపించు" అంది.

తులసి వేలు పెట్టి చూపించింది. గున్నమ్మ ఆ అక్షరాల మీద బొటనవేలు అటూ ఇటూ పదిసార్లు నడిపి గుర్తుపెట్టుకుంది.

ఆవిడ ఇప్పటికీ ఆ పొట్లాలే అమ్ముతోంది. కొనేవాళ్ళు డబ్బులిచ్చాక పొట్లం వెంటనే ఇవ్వదు. ముందు గోటితో ఆ ఒక్క మాటా గీకేస్తుంది. ఆ తర్వాత ఫొటో పైకి తిప్పి, "ఈ మనిసినెక్కడైనా సూసినారా?" అని అడిగి అప్పుడిస్తుంది. బస్సు బోర్డు చదవడం ఇంకా రాదు. లోకంలో ఆవిడ చదవగలిగేది ఆ మాటొక్కటే. దారిలో ఎవరో పోయినవాళ్ళ ఫ్లెక్సీ మీద అది కనబడితే గంప దించి ఆగుతుంది. అటూ ఇటూ చూసి, దాన్ని కూడా గోటితో గీకి వెళుతుంది.