జెట్టీ మీద పది నిమిషాలు

తప్పు నాదే. కాఫీ కప్పు చేతికిచ్చి, "మీరేం చేస్తుంటారు?" అని ఆయన నవ్వుతూ అడిగాడు. ఆ ప్రశ్న నన్ను నవ్వుతూ అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఎవరూ లేరు. అంతే, కాఫీలో పంచదారలా కరిగిపోయి, దాచుకోవాల్సినదంతా ఆయన కప్పులో పోసేశాను.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ప్రైవేటు ఫెర్రీ కంపెనీలో నా ఉద్యోగం. చేరినప్పుడు టైపిస్టుని. తర్వాత నోటీసు బోర్డు తాళంచెవి ఇచ్చారు. ఈమధ్య హెడ్డాఫీసు వాళ్లు కుర్చీ మార్చకుండా పేరు మాత్రం మార్చారు: ఇంటర్నల్ కమ్యూనికేషన్స్ అండ్ ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "ఎవరిదండీ ఎంగేజ్‌మెంటు? చదివింపులేమైనా పట్టుకెళ్లాలా?" అంది.

పేరెంత పొడుగైనా నేను చేసే పని ఒక్కటే. పొద్దున్న మొదటి బోటు కదలకముందు, జెట్టీ మీద అందరూ టీ తాగే పది నిమిషాల్లో సిబ్బందికి ఆ రోజు సంగతులు చదివి వినిపిస్తాను. సముద్రం ఎలా ఉంది, ఎవరు ఏ బోటెక్కాలి, ఎవరి సెలవు మంజూరైంది, ఎవరింట్లో బిడ్డ పుట్టింది. మావాళ్లలో సగం మంది ఇక్కడే పుట్టిన తెలుగువాళ్లు. తెలుగు గలగలా మాట్లాడతారు గానీ, అక్షరాలకేసి మాత్రం ఏ వరసో తెలియని చుట్టాల్ని చూసినట్టు చూస్తారు. కాగితం అంటిస్తే దాని కింద నిలబడి బీడీ కాలుస్తారంతే. అందుకని నేనే చదువుతాను. "భయ్యా, ఆజ్ గాలి జోరుగా ఉంది, లైఫ్ జాకెట్లు చెక్ కర్ లో." ఇదీ మా భాష. అయ్యాక ఎవరో ఒకరు తమ గోడు చెప్పుకుంటారు. అది రాసుకుని ఆఫీసుకి మోసుకెళ్తాను.

ఆ పది నిమిషాలు ఎత్తేసి ఫోన్లో యాప్ పెట్టాలని మేనేజరు ఆలోచన. బొంబాయి నుంచి వచ్చినాయన. చెడ్డవాడు కాదు, తొందరమనిషి. "శనివారం మీలాంటి పని చేసేవాళ్లకి నెట్‌వర్కింగ్ మీటింగుంది. మెయిన్‌ల్యాండ్ నుంచి కన్సల్టెంటు వస్తున్నాడు. ఆయన ఉంచమంటే ఉంచుదాం, లేదంటే తీసేద్దాం" అన్నాడు.

నెట్‌వర్కింగ్ నాకు కొత్త. ఇన్నేళ్లూ నెట్టుకురావడమే తెలుసు. అబర్డీన్ బజార్ దగ్గర హోటల్ హాల్లో మెడకో పేరు కార్డు తగిలించి, ముందుగా ఐస్ బ్రేకర్ అన్నారు. మా ఊళ్లో ఐసు పగలగొట్టేది చేపల మీద వెయ్యడానికే. ఇక్కడ మాత్రం, మిమ్మల్ని మీరు ఏ జంతువుతో పోల్చుకుంటారో చెప్పాలన్నారు. పక్కనున్న రిసార్టు దీదీ సీతాకోకచిలుక అంది. నేను గాడిద అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

ఆ తర్వాతే కాఫీ, కన్సల్టెంటు, నా కరిగిపోవడం. ఆయన శ్రద్ధగా ఫోన్లో రాసుకుంటుంటే, మన గురించి ఓ మంచిమాట చెబుతాడు కదా అనుకున్నాను.

చెప్పాడు. భోజనాలయ్యాక తెరమీద తన కొత్త పద్ధతి అని చూపించాడు. పేరు 'మార్నింగ్ వాయిస్'. అందులో జెట్టీ ఉంది, టీ ఉంది, పది నిమిషాలున్నాయి, చివర్లో గోడు వినడం కూడా ఉంది. నేను లేను. ఆ గొంతు బెంగళూరు స్టూడియోలో రికార్డు చేసి యాప్‌లో పంపుతారట. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది, భోజనాల వేళకి వచ్చి కూర్చున్న మా మేనేజరే. నాకు కోపం రాలేదు. కోప్పడ్డానికైనా కాస్త ఓపిక ఉండాలి. మోకాళ్ల నొప్పులొకపక్క, ఏసీ చలి ఇంకోపక్క.

నాలుగింటికి మేనేజరు మా బోటు సిబ్బందిని ఎనిమిది మందిని హాలుకి రప్పించాడు. కన్సల్టెంటు వాళ్లతో నేరుగా మాట్లాడి పద్ధతి చేసి చూపిస్తాడట. ఆయనకొచ్చింది ఇంగ్లీషే. అందుకని, "మీరు వీళ్ల భాషలో చెప్పండి" అని మైకు నా చేతిలో పెట్టాడు. ఎనిమిది మందీ తెలుగువాళ్లే. ఉప్పునీటికి అట్టకట్టిన యూనిఫారాలతో ముందు వరసలో కూలబడ్డారు.

"ఏటి భయ్యా, ఇప్పుడు మల్లీ ఏటి? కాళ్లు లాగేస్తన్నాయి" అన్నాడొకడు గొంతు తగ్గించి.

"కమ్యూనికేషన్ అనేది ఒక ప్రయాణం" అని మొదలుపెట్టాడు కన్సల్టెంటు.

నేను వాళ్ల మొహాలు చూశాను. ఇంతదూరం రప్పించి వీళ్లకి ఆ ప్రయాణం గురించి చెప్పాలనిపించలేదు. రేపు చదవాల్సిన కాగితం జేబులోనే ఉంది. చిక్కల్లా ఒక్కటే, వెనక వరసలో మేనేజరు. ఆయనకి తెలుగు రాదు గానీ, హిందీ ముక్క పడితే పట్టేస్తాడు, 'బోటు' అన్నా పట్టేస్తాడు. పుట్టాక మొదటిసారి కల్తీ లేని తెలుగు వెతుక్కున్నాను.

"రేపు అలలు ఎత్తుగా ఉంటాయి. మొదటి పడవ అరగంట ఆలస్యంగా కదులుతుంది. మీరు ఆ మేరకు నిద్రపోవచ్చు."

ఎనిమిది మందీ చప్పట్లు కొట్టారు. కన్సల్టెంటు మొహం విచ్చుకుంది.

"ఏటి భయ్యా, ఇయ్యాల చర్చిలో పాస్టరుగారి నాగ మాట్లాడతన్నావు?" అన్నాడు ఇందాకటివాడే.

కన్సల్టెంటు మనసులు కలవడం గురించి అయిదు నిమిషాలు మాట్లాడాడు. "పెద్దన్నా, చెల్లెలి పెళ్లికి నువ్వడిగిన సెలవు ఇచ్చారు" అన్నాను. ఈసారి చప్పట్లతో పాటు ఒక ఈల కూడా వచ్చింది.

"నాతో ఏమైనా చెప్పాలనుకుంటున్నారా? అడగండి" అన్నాడాయన, వాళ్లకేసి వంగి.

"ఏమైనా చెప్పాలా?" అన్నాను.

"గరాచర్మ బస్సెల్లిపోద్ది, ఇంటికి వదలమను" అన్నాడు ఇందాకటివాడే, నాకు మాత్రం వినపడేలా.

ఇంగ్లీషులోకి ఇలా మార్చాను: "సార్, రోజూ ఇలాగే ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి చెబితేనే తమకి అర్థమవుతుందంటున్నారు. రికార్డింగు వద్దంటున్నారు."

ఆయన గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి మా మేనేజరుతో, "యాప్ సంగతి తర్వాత చూద్దాం. జెట్టీ మీద జరిగేది మాత్రం ఆపకండి" అన్నాడు. మేనేజరు నోటుబుక్కు తీసి రాసుకున్నాడు.

నేను మైకు మళ్లీ నోటి దగ్గర పెట్టుకుని, "వేళైంది, లేవండి" అన్నాను.

ఎనిమిది మందీ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఆయన దాన్ని గౌరవమనుకుని, కళ్లు తుడుచుకుని, చేతులు జోడించాడు. నేను దిద్దలేదు.