రెండంగుళాల మేష్టారి మోకాలు

ఆయన అసలు పేరు పేటలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ రెండంగుళాల మేష్టారే. ముప్పై ఏళ్లుగా ఏ ప్యాంటు కుట్టినా నడుం దగ్గర లోపల రెండంగుళాల గుడ్డ వదలడం ఆయన అలవాటు. "మనిషన్నాక లావవకుండా ఉంటాడా? అప్పుడు కుట్టు విప్పుకుంటాడు" అనేవాడు. ఆ గుడ్డను నమ్ముకుని రెండు ముద్దలు ఎక్కువ తిన్నవాళ్లు పేటలో చాలామందే ఉన్నారు.

అంత ముందుచూపున్న మనిషికి కొట్టు మెట్టు మీది తడి మాత్రం కనబడలేదు. జారి పడితే కుడి మోకాలిచిప్ప రెండు ముక్కలైంది. లోపల టప్పుమన్న ఆ చప్పుడు ఇంకా ఆయన చెవుల్లోనే ఉంది. ఆపరేషన్ చేసి చిప్పను తీగతో బిగించారు. ఆరు వారాలకు పట్టీ విప్పేసరికి కాలు కర్రలా బిగుసుకుపోయింది. మోకాలు వంగకపోతే మిషను తొక్కలేడు. మిషను తొక్కని మేష్టారు ఎలా ఉంటాడో ఆయనకే తెలియదు.

అప్పటి నుంచి వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ అమ్మాయి ఇంటికి వస్తోంది. గొంతు పెంచి మాట్లాడని పిల్ల. అయినా పదింటికి మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినబడితే చాలు, మేష్టారికి పై ప్రాణాలు పైనే పోయేవి. వేడి కాపడం పెట్టి, బోర్లా పడుకోబెట్టి, మడమ పట్టుకుని మెల్లగా వంచేది.

"ఓర్చుకోలేననిపిస్తే చెప్పండి బాబాయ్, ఆపేస్తాను" అనేది.

ఆయన చెప్పేవాడు, ఆమె ఆపేది. కత్తెరలా తెరుచుకునే ప్లాస్టిక్ స్కేలు మోకాలికి ఆనించి కొలిస్తే మూడు వారాలుగా ఒకటే లెక్క, అరవై అయిదు డిగ్రీలు.

ఆ రోజు ఆమె స్కేలు సంచిలో పెట్టలేదు. "బుధవారం సర్జన్ గారు చూస్తారు బాబాయ్. తొంభై దగ్గరికి రాకపోతే మత్తిచ్చి వంచుతామన్నారు."

మేష్టారు దిండు మీంచి తలెత్తి చూశాడు. మత్తులో ఉన్నవాడు ఆపమని ఎలా చెప్తాడు? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కిటికీ దగ్గర ఆయన భార్య ఎవరిదో పాత ప్యాంటు నడుం కుట్టు విప్పుతోంది. చేతిలో బ్లేడు ఆపి, తలెత్తకుండా అంది. "ఈయన మాట విని ఆపితే ఎప్పటికీ వంగదమ్మా. మధ్యాహ్నం నిద్రలో ఆ కాలు ఎంత ముడుచుకుంటారో నేను రోజూ చూస్తున్నా. భయం తగ్గితే తనే చెప్తారని ఊరుకున్నా. నొప్పిలో కూడా రెండంగుళాలు లోపల వదిలేస్తున్నారు ఈయన."

మేష్టారు తేలు కుట్టిన దొంగలా దిండులో మొహం దాచుకున్నాడు.

"ఎందుకు బాబాయ్?" అంది అమ్మాయి. గొంతులో కోపం లేదు.

మేష్టారు దిండులోంచే గొణిగాడు. "కుట్టు సరిగ్గా పడకముందే లాగితే పిగిలిపోతుందమ్మా. ఎన్ని చూశాను నేను. ఆ చప్పుడు మళ్లీ వినలేను. అందుకే నొప్పి ఇంకా రాకుండానే, వచ్చేలా ఉందనిపించగానే అరిచేస్తున్నా."

ఆమె సంచిలోంచి కొత్త ఎక్స్‌రే తీసి చేతిలో పెట్టింది. "ఎముక అతుక్కుంది. విరిగిన గీత ఎక్కడన్నా ఉందేమో మీరే చూడండి."

తప్పిన కుట్టు ఒక్కటున్నా పట్టుకునే కళ్లు ఆయనవి. వెలుతురుకు పెట్టి ఎంత వెతికినా గీత దొరకలేదు. కళ్లు నమ్మాయి గాని ఒళ్లు నమ్మలేదు. బోర్లా పడుకుని మంచం అంచు రెండు చేతులా పట్టుకున్నాడు.

ఆమె వంచింది. అరవై అయిదు దాటింది. అసలు నొప్పి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. దిండు అంచు పళ్లతో బిగబట్టాడు గాని అరవలేదు. అంతలో లోపలెక్కడో టిక్కుమంది. అయిపోయింది, చిప్ప పోయింది అనుకున్నాడు. ఒళ్లంతా చెమట పట్టింది.

ఆమె తనంతట తనే ఆగింది. చిప్ప చుట్టూ వేళ్లతో తడిమి చూసింది. "అది ఎముక కాదు బాబాయ్. లోపల అతుక్కుపోయిన పొరలు విడుతున్నాయి." స్కేలు పెట్టింది. "ఎనభై ఒకటి. ఇవాళ్టికి చాలా?"

మేష్టారు తడిసిన మొహం పక్కకు తిప్పాడు. భార్య చేతిలోని ప్యాంటు పైకంతా వెలిసిపోయి ఉంది. కుట్టు విప్పిన చోట మాత్రం ఆయన దాచిన గుడ్డ కొన్ననాటి రంగులో బయటపడింది.

ఆయనకు భయం ఏమీ తగ్గలేదు. దిండు అంచు మళ్లీ దగ్గరకు లాక్కున్నాడు.

"లోపల ఇంకా ఉందమ్మా" అన్నాడు. "వంచు."