అక్క ఇంటికి ఎంచిన ఇంజన్

కాలిపోయిన మోటారు విప్పి, లోపలి తీగను చుట్టు చుట్టుగా లెక్కపెడుతూ ఊడదీసి, అన్నే చుట్లు కొత్త తీగ వేయడం ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇరవై రెండేళ్ల వయసులో ఇంట్లో నీళ్ల మోటారు కాలిపోయింది. బాగుచేసేవాడు రేపు మాపు అని తిప్పుతుంటే విసుగెత్తి తనే విప్పాడు. మొదటిసారి చుట్టి స్విచ్ వేస్తే పొగ వచ్చింది. రెండోసారీ పొగే. మూడోసారి మోటారు తిరిగింది. అప్పుడు మెట్ల మీద కూర్చుని చూస్తున్నది అక్క ఒక్కతే. "ఒరేయ్, నిజంగా తిరుగుతోందిరా!" అని ఆమె అరిచిన అరుపు ముప్పై ఏళ్లు దాటినా ఆయన చెవిలోంచి పోలేదు. ఆ తర్వాత అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఆయన తీగ చుట్టే వైండింగాయన అయిపోయాడు.

ఆయన చేతిలోంచి వెళ్లిన మోటారు మళ్లీ తిరిగి రాదని పేరు. మాట మాత్రం పొదుపు. ఎవరైనా ఎక్కువగా మాట్లాడితే స్క్రూడ్రైవర్ వాళ్ల చేతికిచ్చి "నువ్వు విప్పు, నేను మాట్లాడతాను" అనేవాడు.

అక్క ఇల్లు రోడ్డుకు దూరంగా పొలాల మధ్య ఉండేది. బావ పోయాక ఆమె వెనక గదిలో ఇంక్యుబేటర్ పెట్టుకుంది. ఆరువందల కోడిగుడ్లు పొదిగే పెట్టె. ఇరవై ఒక్క రోజులు వేడి తగ్గకూడదు, లోపలి ఫ్యాను ఆగకూడదు. గుడ్డును లైటు ముందు పెట్టి చూసి, లోపల సన్నని నరాలు పాకాయో లేదో చెప్పడం ఆమె కూడా ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మొదటి విడత గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చినప్పుడు తమ్ముడికి ఫోన్ చేసి, ఫోన్‌ని పెట్టె దగ్గర పెట్టింది. కిచకిచలు వినిపించాయి. "నావిరా" అంది తర్వాత.

కానీ ఆ వైపు కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఒకసారి సగం గుడ్లు పోయాయి. జనరేటర్ కొనాలనుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లింది.

దుకాణదారు ఎర్రటి పెట్రోలు జనరేటర్ ఒకటి చూపించాడు. తాళంచెవి తిప్పితే చాలు. అక్క తిప్పింది. అది వెంటనే పలికింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"చూశావా తమ్ముడూ, ఎంత తేలికో!"

వైండింగాయన దాన్ని ఆపించి, వెనక మూత విప్పమన్నాడు.

"అన్నా, కొత్త మిషను మూత విప్పుతారా ఎవరైనా?" అన్నాడు దుకాణదారు.

"పెళ్లిచూపుల్లో ముసుగు తీయకుండా ఒప్పుకోమంటావా?"

దుకాణదారు నవ్వుతూనే విప్పాడు. వైండింగాయన లోపలి తీగ కొసను గోటితో గీశాడు. పైన రాగి రంగు పూత, కింద తెల్లగా అల్యూమినియం.

"ఇది తీగ కాదక్కా, వేషం. రెండేళ్లలో కాలిపోతుంది."

"రెండేళ్లయితే రెండేళ్లు. నా చేత్తో స్టార్టవుతుంది కదరా."

"నీకు పదిహేనేళ్లు నడిచేది నేనిస్తాను."

"నువ్వు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు" అని అక్క నవ్వింది. నవ్వుతూనే తాళంచెవిని దుకాణదారు చేతికి తిరిగిచ్చేసింది. ఆ ఇవ్వడం ఆయనకు ఇప్పటికీ కనిపిస్తుంటుంది.

తర్వాత అక్క ఇంటికి వెళ్లి అన్నీ కొలిచాడు. ఇంక్యుబేటర్ హీటరు ఎంత లాగుతుంది, ఫ్యాను ఎంత, ఇంట్లో దీపాలు ఎన్ని, నీళ్ల మోటారు తిరగడం మొదలెట్టే క్షణంలో ఎన్నింతలు లాగుతుంది అని వెనక గది గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నాడు. పొగ ఇంట్లోకి రాకుండా గొట్టం ఎటు పెట్టాలో, అదురు గుడ్లకు తగలకుండా దిమ్మె ఎంత దూరంలో కట్టాలో చూశాడు. తప్పు పట్టడానికి వీల్లేని లెక్క అది. పెట్టబోయే ఇంజన్‌ను తిప్పే చెయ్యి మాత్రం ఆ గోడ మీదకు ఎక్కలేదు.

మూతపడిన పిండిమిల్లు నుంచి పాత డీజిల్ ఇంజన్ ఒకటి తెచ్చాడు. ఒకే సిలిండర్, నిదానంగా తిరిగే రకం, మనిషి నడుమంత ఎత్తు చక్రం. రెండు నెలలు దాని మీదే కూర్చున్నాడు. పిస్టన్ రింగులు మార్చాడు, బేరింగులు మార్చాడు, దానికి తగిలించే, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు స్వచ్ఛమైన రాగి తీగ తన చేత్తో చుట్టాడు. స్టార్ట్ చేసి దాని మీద నీళ్ల గ్లాసు పెడితే ఒక్క చుక్క ఒలికేది కాదు. జీవితంలో అంత బాగా చేసిన పని మరొకటి లేదని ఆయనకు తెలుసు.

దిమ్మె మీద బిగించిన రోజు అక్కకు నేర్పాడు. "పైనున్న ఈ మీట ఎత్తి పట్టుకో, లోపలి గాలి బిగువు తగ్గుతుంది. హ్యాండిల్ తిప్పు. చక్రం వేగం అందుకున్నాక మీట వదిలెయ్. బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచు, హ్యాండిల్ ఎదురు తంతే చెయ్యి విరుగుతుంది."

అక్క తిప్పింది. చక్రం బద్ధకంగా కదిలింది. ఆయన ఆమె చేతి మీద తన చెయ్యి వేసి తిప్పాడు. ఇంజన్ అందుకుంది.

"చూశావా!"

"తిప్పింది నువ్వురా."

"అలవాటవుతుందిలే. ఎందుకైనా మంచిది, వానలు రాకముందే సెల్ఫ్ స్టార్టర్ పెడతాను."

పెట్టలేదు. పని ఒత్తిడి అని చెప్పేవాడు. నిజం అది కాదు. స్టార్టర్ పెట్టాలంటే ఆ చక్రాన్ని లేత్ మీద కోసి పళ్ల వలయం ఎక్కించాలి. అంత సమంగా తిరిగే చక్రం మీద కత్తి పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. ఈలోగా కరెంటు పోయినప్పుడల్లా పక్క పొలంలోని ట్రాక్టరాయన వచ్చి తిప్పి వెళ్లేవాడు. "పిన్నీ, ఇది ఇంజన్ కాదు, నాకు వ్యాయామం" అనేవాడు. అక్క ఆ మాట తమ్ముడికి చెప్పి నవ్వేది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వుల్లోనే అక్క చెప్పాల్సింది చెప్పేసిందని ఆయనకు తట్టలేదు.

వానలు మొదలైన వారానికి, ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. స్తంభాలు వరసగా ఒరిగాయి. పెట్టె నిండా గుడ్లు, పదహారో రోజు. ట్రాక్టరాయన దుక్కి పనికి దూరం వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. అక్క ఫోన్ చేసింది.

"మీట ఎత్తాను, తిప్పుతున్నాను. వదలగానే ఆగిపోతోందిరా."

"వేగం చాలట్లేదు. ఇంకా గట్టిగా."

"ఇంతకన్నా నాకు రావట్లేదు."

"రాకపోవడమేంటి? నీకెన్నిసార్లు చెప్పాను! నడుము వంచి తిప్పు!"

అవతల కాసేపు ఆయాసం, ఇనుప చప్పుడు. తర్వాత చిన్న కేక. హ్యాండిల్ ఎదురు తన్నింది.

"అక్కా?"

"ఏం లేదు. మణికట్టు. పెట్టెకు దుప్పట్లు కప్పుతాను, నువ్వు రా."

ఆయన బయల్దేరాడు. దారిలో చెట్లు పడిపోయి ఉన్నాయి. బండి ఒకచోట వదిలేసి, నీళ్లు తగ్గేదాకా ఆగి, మిగతాది నడిచి, అక్క గుమ్మం ఎక్కేసరికి మర్నాటి పొద్దు ఎక్కింది.

ఆమె వెనక గదిలో నేల మీద కూర్చుని ఉంది. ఉబ్బిన చేతికి తువ్వాలు చుట్టుకుంది. పెట్టె చుట్టూ ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ. వేడినీళ్లు పోసిన సీసాలు, చల్లారిపోయినవి, వరసగా. ఒంటి చేత్తో రాత్రంతా నీళ్లు కాచింది.

ఆయన బయటికెళ్లి మీట ఎత్తి హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ మొదటి ప్రయత్నంలోనే అందుకుంది. ఎక్కడా తడబాటు లేదు. దీపాలు నిలకడగా వెలిగాయి. ఆ శబ్దాన్ని అంతగా అసహ్యించుకుంటానని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

అక్క ఒక గుడ్డు తీసి లైటు ముందు పట్టింది. కదలిక లేదు. ఇంకోటి. ఇంకోటి. ఆయన పక్కన నిలబడి ఒక్కో ట్రే అందించాడు. ఆరువందల్లో కదిలినవి పదకొండు.

"ఇంజన్ బాగా చేశావు తమ్ముడూ" అంది ఆమె. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

వారం తిరక్కుండా ఆయన వెళ్లి ఆ ఎర్ర జనరేటర్ కొని తెచ్చాడు. ఈసారి మూత విప్పమని అడగలేదు. కానీ అక్క చెయ్యి సరిగా అతకలేదు. నిండు ట్రే ఎత్తలేకపోయేది. చెయ్యి బాగవుతుందేమోనని ఎదురుచూసి ఎదురుచూసి ఇంక్యుబేటర్‌ను ఎవరికో ఇచ్చేసింది.

డీజిల్ ఇంజన్ ఇప్పుడు ఆయన షెడ్డులో ఉంది. జనరేటర్ సలహా కోసం ఎవరొచ్చినా, ఇంట్లో స్టార్ట్ చేసేది ఎవరని అడిగి, వాళ్లనే తీసుకురమ్మంటాడు. వచ్చినవాళ్లకు ఆ హ్యాండిల్ చేతికిచ్చి తిప్పమంటాడు. తిప్పలేకపోతే తాళంచెవి మిషను కొనుక్కోమంటాడు. తీగ సంగతి తర్వాత చెబుతాడు.

రెండేళ్లు దాటాయి. అల్యూమినియం తీగ ఇంకా కాలలేదు. మొన్న ఆయన వెళ్లినప్పుడు కరెంటు పోయింది. లేవబోతుంటే అక్క "నువ్వు కూర్చోరా" అని, తనే వెళ్లి ఎడమచేత్తో తాళంచెవి తిప్పింది. దీపం వెలిగింది. ఫ్యాను తిరిగింది.

"చూశావా, ఎంత తేలికో" అంది లోపలికి వస్తూ.

ఆయన వెనక గది వైపు చూశాడు. తలుపు తెరిచే ఉంది. గోడ మీద సుద్ద అంకెలు ఇంకా చెరిగిపోలేదు. కింద నేల మాత్రం ఖాళీ. అక్కడ లైటు వేయాల్సిన పని ఎవరికీ లేదు.