పక్కింటి తాత కారులో గాలిమూత

నా చిన్నప్పుడు మా వీధిలో కారంటే పక్కింటి తాతదే. బాడుగకి తిప్పేవాడు. యుద్ధానికి ముందుదట, కొండల మీద ఉండే ఓ దొర వాడి వదిలేసిన బండి. చలి ఎరగని విశాఖ పిల్లలకి అందులోని వేడి ఏర్పాటు పెద్ద వింత. ఇంజను పొగగొట్టం దగ్గర వేడెక్కిన గాలి కారు అడుగునున్న కన్నాల గుండా కాళ్ళకి తగిలేది. ముందు అద్దం కింద ఒక మూత ఉండేది. లోపలి మీట లాగితే అది లేచి బయటి గాలి వచ్చేది, నెడితే మూసుకుపోయేది.

ఓ పుష్యమాసంలో, అరకు వైపు కొండ ఊళ్ళో కాన్పయిన మా పిన్నినీ నెలైనా నిండని పసివాణ్ణీ తేవడానికి ఆ కారులో అమ్మమ్మతో నేనూ వెళ్ళాను. తిరుగుదారిలో పొగమంచు. చెవుల్లో దూది పెట్టుకుని, తలకి గుడ్డ కట్టుకున్నా పిన్ని వణుకుతూనే ఉంది. బాలింతకి గాలి తగలకూడదని అమ్మమ్మ కిటికీలన్నీ మూయించి, ఆ మూత కూడా ముయ్యమంది. తాత ఆ ఒక్కటీ వినలేదు. పక్కనే కూర్చున్న నాతో మెల్లగా చెప్పాడు.

"ఈ మీట ముట్టుకోకు బుల్లీ. గొట్టం పాతది, పొగ వచ్చినా వత్తాది. కింద నుండి వేడి వత్తన్నంతసేపూ ముందు నుండి గాలి రావాల."

విన్నాను. కానీ వెనక పిన్ని పళ్ళు టకటకలాడుతుంటే మనసు ఒప్పలేదు. తాత మలుపు మీద కళ్ళు పెట్టినప్పుడు మీట నెట్టేశాను. కారంతా వెచ్చబడింది. పిన్ని కళ్ళు మూసుకుంటే నిద్రపోయిందనుకుని మురిసిపోయాను.

కాసేపటికి నాకు తల దిమ్మెక్కింది. తాత గబుక్కున బండి ఆపి తలుపులన్నీ బార్లా తీశాడు. పసివాడు అమ్మమ్మ చేతుల్లో వేలాడిపోతున్నాడు. పిన్నిని దింపి గట్టున కూర్చోబెట్టారు. ఆ చలిగాలిలో పసివాడి వీపు రుద్దగా రుద్దగా, ఎప్పటికో వాడు ఏడ్చాడు. అప్పుడు తాత లోపలికి వంగి మీట చూశాడు. తరువాత నన్ను చూశాడు.

"నాదే తప్పమ్మా. మూత నానే మూసీసినాను," అన్నాడు అమ్మమ్మతో.

తాను ముయ్యమన్న సంగతి అమ్మమ్మ మర్చిపోయింది. ఇల్లు చేరాక తాతదే తప్పని వీధంతా చెప్పింది. ఆ తరువాత ఆ కారుని ఎవరూ పిలవలేదు, పెరట్లోనే తుప్పు పట్టింది. తాత నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఎదురుపడితే ఎప్పటిలాగే బుల్లీ అని పిలిచేవాడు, నేను సిగ్గుతో తల దించుకునేదాన్ని. ఆయన బతికున్నన్నాళ్ళూ నేను నిజం బయటపెట్టలేదు.

ఆ పసివాడికి ఇప్పుడు మనవలు. సీతమ్మధార నుంచి గాజువాకకి తన ఏసీ కారులో నన్ను తీసుకెళుతూ, "ఆ డ్రైవరు నన్ను పురిట్లోనే సంపీబోనాడంట కదక్కా," అని నవ్వుతాడు. నేను అద్దం వేలెడంత దించుకుంటాను. చల్లదనం పోతోందని వాడు విసుక్కుంటాడు. కాదురా, ఆ మీట నెట్టింది నేనని చెప్పడానికి ఈ వయసులో కూడా నాకు ధైర్యం చాలడం లేదు.