పడని మందుల గడి

మా ఆసుపత్రిలో మా వదినను అందరూ గళ్ల మేడమ్ అంటారు. కాగితాల ఫైళ్లు పోయి కంప్యూటర్లు వచ్చాక, రోగి గురించి ఏ సంగతి ఏ గడిలో ఉండాలో తేల్చే పని ఆవిడ నెత్తిన పడింది. నేను అక్కడే మందుల గదిలో ఫార్మసిస్టుని. ఇంటికి వెళ్లినా ఆ గళ్ల గోలే. "ఈ పూటకైనా ఆసుపత్రి మూసెయ్యవే" అని అన్నయ్య అన్నం తింటూ వేడుకునేవాడు.

ఆవిడ విసుగును తప్పు పట్టలేను. ఒక్క షుగరు జబ్బునే డాక్టర్లు ముప్పై ఏడు రకాలుగా రాశారు. ఒకాయనైతే "తీపి మనిషి" అని రాసి ఊరుకున్నాడు. వాటన్నిటినీ ఒకే పేరు కిందికి తెచ్చేసరికి వదిన తల ప్రాణం తోకకొచ్చింది. తెచ్చాక, తమ మాట తీసేసిందని ఆ డాక్టర్లే అలిగారు.

కానీ ఆవిడ పట్టుబట్టింది ఒక్క గడి కోసం. "పడని మందులు" అన్న గడిలో రెండే జవాబులు: ఉన్నాయి, లేవు. ఏదో ఒకటి నొక్కందే తెర ముందుకు కదలదు. కౌంటరు ముందు జనం తోసుకుంటూ ఉంటే, లోపలి అమ్మాయి ఎవర్నీ అడక్కుండానే "లేవు" నొక్కేస్తుంది. వార్డులో నర్సులు, మందుల గదిలో నేను, అందరం ఆ మాటే నమ్ముతాం. "అడగలేదు" అని మూడో జవాబు పెట్టమని వదిన మూడు మీటింగుల్లో మొత్తుకుంది.

"అడగలేదని మన చేత్తో మనమే రాసుకుంటామా అమ్మా? ఆసుపత్రి పరువేం కాను?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"అడక్కుండా లేవని రాస్తే పరువు నిలుస్తుందా సార్?"

ఆయన టీ తెప్పించారు. మూడు మీటింగులూ టీతోనే ముగిశాయి.

ఇంతలో అన్నయ్య కాలి పుండు చీము పట్టి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. వదినే కౌంటరులో కూర్చుని వివరాలు ఎక్కించింది. పక్కనే ఆయన నొప్పితో మూలుగుతున్నాడు. మంచం దొరకాలి, తెర కదలాలి. ఆవిడ "లేవు" నొక్కేసింది.

డాక్టరు రాసిన ఇంజెక్షను చీటీ నా దగ్గరికి వచ్చింది. చిన్నప్పుడు అదే ఇంజెక్షనుకు అన్నయ్య ఒళ్లంతా దద్దుర్లు లేవడం కళ్లారా చూసినవాణ్ణి. అయినా తెర మీద "లేవు" అని ఉంటే ఇక బుర్ర వాడితేగా! మందు పంపించేశాను. పది నిమిషాల్లో ఆయన మొహం ఉబ్బింది, ఊపిరి అందలేదు. నర్సు పరుగున వచ్చి విరుగుడు ఇచ్చింది కాబట్టి బతికాడు. నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను.

నాలుగో మీటింగులో వదిన ఆ రికార్డు గోడ మీద చూపించింది. సూపరింటెండెంటు గారు ఒంటికాలి మీద లేచారు.

"ఎవరమ్మా ఈ 'లేవు' నొక్కింది? నోటీసు ఇద్దాం!"

"నేనే సార్. ఆయన భార్యని. ఇరవై రెండేళ్ల కాపురం. ఎప్పుడూ అడగలేదు."

ఆ సాయంత్రానికల్లా మూడో జవాబు తెర మీదికి వచ్చింది.

వారం తిరక్కుండానే చూస్తే, కౌంటరు అమ్మాయి ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ "అడగలేదు" నొక్కేస్తోంది! నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇందుకేనా వదినా మీరు ఇన్నాళ్లూ కొట్టుకుంది?"

"పోనీలేవయ్యా, ఇదైనా నిజమేగా. ఎవర్ని అడగాలో ఇప్పుడు తెలుస్తోంది."

మూడు వందల పన్నెండు పేర్ల జాబితా తీయించి, ఫోన్లు మొదలుపెట్టే ముందు అన్నయ్య మంచం దగ్గరికి వెళ్లింది. కలం తీసి, "మీకు ఏయే మందులు పడవు?" అని అడిగింది. ఆయన రెండు పేర్లు చెప్పాడు. రెండోది, తలనొప్పి అంటే చాలు ఇన్నేళ్లూ ఆవిడ తన చేత్తో ఇస్తున్న మాత్ర.

"అది వేసుకుంటే రెండు రోజులు కడుపులో ఒకటే మంట" అన్నాడు.

"మరి చెప్పరేం!" అని ఏడుస్తూనే కసిరింది వదిన.

"ప్రేమగా ఇస్తున్నావు కదా అని మింగేవాణ్ణి" అన్నాడు అన్నయ్య.