తూకంలో లేని ఐసు

రావులపాలెంలో అరటి మార్కెట్ దాటాక ఎడమ చేతి వైపున్న రేకుల షెడ్డు రాజరత్నానిది. కార్లకు స్ప్రింగులూ, కుదుపు ఆపే షాకులూ వెయ్యడం తప్ప మరో పని ముట్టడు. ఇంజన్ బాగాలేదని ఎవరైనా వస్తే "దానికి వేరే డాక్టరున్నాడండి" అని పంపేస్తాడు. బండి వచ్చి ఆగగానే దాని మూలమీద అరచెయ్యి వేసి ఒక్క నొక్కు నొక్కుతాడు. అది కిందికి దిగి, పైకి లేచి, ఎన్ని ఊపుల్లో నిలబడిందో చూస్తాడు. అంతే, రోగం తేలిపోయినట్టే. ముప్పై ఏళ్లుగా ఆ చెయ్యే ఆయనకు మీటరు. దానిమీద ఆయనకున్న నమ్మకం కొంచెం ఎక్కువే. బండి తెచ్చినవాళ్లు చెప్పేది వినే ఓపిక మాత్రం బాగా తక్కువ.

అలాంటి మనిషి దగ్గరికి కిందటేడు వానలు మొదలవుతుండగా వీరవేణి వచ్చింది. అంతర్వేది దగ్గర సముద్రపు ఒడ్డున ఇల్లు, చేపల వ్యాపారం. ఒక పాత చిన్న కారు కొని, వెనక సీటు పీకించేసి, తనే నడుపుకుంటూ రాజమండ్రికి సరుకు తోలుతుంది. పక్క సీట్లో ఆమె భర్త బుల్లియ్య, ఒళ్లో చేతికర్ర. వేటకెళ్లినప్పుడు బోటు మీద జారిపడి నడుం పాడు చేసుకున్నాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు వారానికి రెండుసార్లు వచ్చి వ్యాయామం చెయ్యాలన్నాడు. వీరవేణి రాజమండ్రిలో సరుకు దించి, అక్కడి నుంచి ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లి, ఖాళీ బండిలో ఇంటికి తెచ్చుకుంటుంది.

"లోడేస్తే వెనక కూలబడిపోతుందండి. ముందు తేలిపోయి, వానలో స్టీరింగు మాట వినట్లేదండి" అంది.

ముందు చక్రాలే లాగే బండి అది. వెనక కుంగితే ముందు బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే ఆ చక్రాలకు రోడ్డు మీద పట్టు పోతుంది. రాజరత్నానికి ఇందులో కొత్తేమీ లేదు.

"ఎంత లోడు?"

"ఆరు పెట్టెలండి. పెట్టెకి ముప్పై కిలోలు."

నూట ఎనభై. ఇనప కడ్డీకి వేలాడుతున్న స్ప్రింగుల్లోంచి ఆ బరువుకు సరిపడే జత తీసి వెనక బిగించాడు.

పదిరోజులకు ఆమె మళ్లీ వచ్చింది. గోతిలో పడ్డప్పుడల్లా వెనక దబ్బుమని తగులుతోందని చెప్పింది. రాజరత్నానికి రోషం పొడుచుకొచ్చింది. తన లెక్క తప్పడమేంటి! ఈసారి తీగ ఇంకా లావుగా, చుట్లు తక్కువగా ఉన్న జత వేశాడు. మూలమీద ఒంటి బరువంతా మోపి నొక్కినా బండి కదల్లేదు.

"ఇక ఏనుగునెక్కించుకుని వెళ్లండమ్మా" అన్నాడు గర్వంగా.

నెల తరవాత వీరవేణి ఒక్కతే వచ్చింది. పక్క సీటు ఖాళీగా ఉంది.

"బుల్లియ్యగారేరీ?"

"రానంటున్నారండి. మూడు వారాలైంది ఆస్పత్రికెళ్లి. వెళ్లేటప్పుడు ఎలాగో కూర్చునేవారు గానీ, వచ్చేటప్పుడు ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంటే పళ్లు కరుచుకుని ఏడ్చేవారండి. ఇప్పుడు మానేస్తే ఇక కర్ర వదల్లేరని డాక్టరు గారంటున్నారు." ఆమె బండి వైపు చూసి అంది. "మీ స్ప్రింగులు చేపల్ని బాగానే మోస్తున్నాయండి. మా ఆయన్నే మొయ్యట్లేదు."

రాజరత్నానికి మొహం చెల్లలేదు. ఎవరూ ఎప్పుడూ ఆయన పనిని అంత మర్యాదగా తిట్టలేదు.

"రేపు లోడుతోనే రండమ్మా" అన్నాడు.

మర్నాడు బండిని మార్కెట్ పక్కన లారీలు తూచే వేబ్రిడ్జి మీదికి, వెనక చక్రాలు మాత్రమే ఎక్కేలా, తనే చూసుకుంటూ ఎక్కించాడు. అంకె చూసి కళ్లజోడు తుడుచుకున్నాడు. తర్వాత పెట్టెలు ఒక్కొక్కటే దింపించి తూయించాడు. ఒక్కోటి యాభై కిలోలు.

"ముప్పై అన్నారు కదమ్మా?"

"చేపలు ముప్పైయేనండి. మిగతాది ఐసు."

"మరి ఐసు చెప్పలేదేం?"

వీరవేణి తెల్లబోయింది. "ఐసునెవరు తూస్తారండీ? ఐసు కలిపి తూకం చెప్తే దొంగ వ్యాపారం అంటారు. మా అమ్మ దగ్గర్నుంచీ మా ఇంట్లో ఆ పని చెయ్యలేదండి."

ఆమె నిజాయితీగానే చెప్పింది. అడగాల్సింది ఆయన. నూట ఇరవై కిలోల బరువు ఆయన కళ్లముందే పెట్టెల్లో కూర్చునుంటే, ఒక్కసారైనా మూత తీసి చూడలేదు. ఆ తప్పు దిద్దబోయి అంతకంటే పెద్ద తప్పు చేశాడు. బండి వెళ్లేటప్పటి సంగతే ఆలోచించాడు తప్ప, తిరిగొచ్చేటప్పుడు అందులో ఒక మనిషి ఉంటాడని ఆలోచించలేదు.

ఆరోజు షెడ్డు మూసేసి ఆమెతో పాటు రాజమండ్రి వెళ్లాడు. సరుకు దిగాక, బుల్లియ్య కూర్చునే పక్క సీట్లో తనే కూర్చుని అంతర్వేది దాకా వచ్చాడు. రావులపాలెం వరకు ఓర్చుకున్నాడు. రాజోలు దాటాక ప్రతి గతుక్కీ "అమ్మా" అనడం మొదలుపెట్టాడు. కారు దిగి, నడుం పట్టుకుని రెండడుగులు వేసేసరికి గుమ్మంలో కూర్చున్న బుల్లియ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"తెలిసిందాండీ?" అన్నాడు.

"ఆయ్, తెలిసిందండి. నాదే తప్పు" అన్నాడు రాజరత్నం. ఆ మాట ఆయన నోటి నుంచి వినడం ఆయన భార్యక్కూడా అలవాటు లేదు.

మరుసటి రోజు షెడ్డులో వీరవేణిని కూర్చోబెట్టి చెప్పాడు. "మూడొందల కిలోలూ మోసి, ఖాళీగా ఉన్నప్పుడు మెత్తగా ఉండే స్ప్రింగు నా దగ్గర లేదమ్మా. దొరికినా ఈ కారుకి పట్టదు. మధ్యరకం వేస్తాను, షాకులు కొత్తవి వేస్తాను. పెట్టెల్ని డిక్కీలోంచి తీసి ముందు సీట్ల వెనకే, ఆనించి పెట్టండి. ముందు చక్రాలు కూడా కొంత బరువు పంచుకుంటాయి. ఆరు మాత్రం వద్దు. నాలుగే."

వీరవేణి వేళ్లు మడుస్తూ ఆలోచించింది. "మిగతా రెండూ మా పక్కింటి నాగదుర్గ వ్యానులో పంపిస్తానండి" అంది చివరికి.

పై శుక్రవారం మధ్యాహ్నం రాజరత్నం షెడ్డు బయట స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వచ్చిన బండ్లను రేపు రమ్మన్నాడు. రాజమండ్రి వైపు నుంచి చిన్న కారు వచ్చి మెల్లగా ఆగింది. పరుగున ఎదురెళ్లి ఏదో అడగబోయాడు.

వీరవేణి పెదాల మీద వేలు పెట్టుకుంది. పక్క సీట్లో బుల్లియ్య తల ఒక పక్కకు వాల్చి నిద్రపోతున్నాడు. కర్ర కాళ్ల దగ్గరికి జారిపోయి ఉంది.

"ఎక్కడ నిద్రపోయారు?" గుసగుసగా అడిగాడు రాజరత్నం.

"జొన్నాడ దాటకముందేనండి. స్పీడు బ్రేకర్లకి కూడా లేవలేదు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాజరత్నం కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. అలవాటు కొద్దీ వెనక మూలమీద నొక్కడానికి చెయ్యి చాపాడు. లోపల పడుకున్న మనిషి వైపు చూసి, ఆ చేతిని వెనక్కి తీసుకున్నాడు.